కాటన్ దొర, వీరేశలింగం, అల్లూరి: "ఒకే కాలం వాళ్ళు" అంటే అసలు ఏంటి?

మొన్న పండక్కి ఇంట్లో అందరం కలిసినప్పుడు ఒక ఫోటో మీద పెద్ద చర్చే నడిచింది. ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో ఎవరో పంపారు, ఒకే ఫ్రేములో కాటన్ దొర, కందుకూరి వీరేశలింగం పంతులు గారు, టంగుటూరి ప్రకాశం పంతులు గారు, అల్లూరి సీతారామరాజు, వెనకాల గోదావరి, కింద "ఒకే కాలంలో ఈ గట్టు మీద నడిచిన మహానుభావులు" అని రాసుంది. మా అక్క కొడుకు పదో తరగతి, వాడు చూడగానే "తాతయ్యా ఇది తప్పు, ఆనకట్ట అయిపోయింది 1852లో, అల్లూరి తిరగబడింది 1922లో, డెబ్బై ఏళ్ళ తేడా ఉంటే ఒకే కాలం ఎలా అవుతారు" అన్నాడు. మా పెదనాన్న కళ్ళజోడు పెట్టుకుని ఫోన్ దగ్గరికి లాక్కుని చూసి "కాటన్ దొర పోయింది 1899లో రా, సీతారామరాజు పుట్టింది 1897లో, మరి ఇద్దరూ బతికున్న రోజులు ఉన్నట్టేగా" అన్నారు.

ఇద్దరి లెక్కా కరెక్టే. కానీ ఇద్దరూ రెండు వేరు వేరు ప్రశ్నలకి జవాబు చెప్తున్నారు, తిరకాసు అంతా అక్కడే ఉంది. ఇలాంటి ఫోటోలు ఈ మధ్య చాలా తిరుగుతున్నాయి, కొన్ని నిజం, కొన్ని సగం నిజం, కొన్ని అసలు కుదరనివి, అందుకే ఒకసారి మొదటి నుంచి విప్పి చూద్దాం అనిపించింది.

"సమకాలీనులు" అన్న ఒక్క మాటలో ఎన్ని సంగతులు దాక్కున్నాయి

ఒకే కాలంలో ఉన్నవాళ్ళని సమకాలీనులు అంటాం. కానీ ఆ "ఉండటం" ఒక రకం కాదు. ఇద్దరూ బతికున్న సంవత్సరాలు కొన్నయినా కలిస్తే అది ఆయుష్షు కలవడం. ఇద్దరూ పేరు తెచ్చుకున్న పని చేస్తున్న ఏళ్ళు కలిస్తే అది పని కలవడం. ఇద్దరూ ఒకే టైములో ఒకే ఊళ్ళోనో ఒకే సీమలోనో ఉంటే చోటు కలవడం. ఇక ఒకరి సంగతి ఒకరికి తెలియడమో, ఎదురుపడి మాట్లాడుకోవడమో అయితే అది పరిచయం. ఇవి పేర్లు నేను పెట్టుకున్నవి, పుస్తకంలో మాటలు కావు, కానీ ఈ నాలుగూ విడివిడిగా అడిగితే సగం గొడవలు అక్కడే తీరిపోతాయి. ఆయుష్షు కలిసినంత మాత్రాన పని కలవాలని లేదు, పని కలిసినా ఊరు కలవాలని లేదు, ఊరు కలిసినా మొహం చూసుకోవాలని లేదు.

ఉదాహరణకి ఆ మధ్య వచ్చిన పెద్ద సినిమా చూసిన పిల్లలు చాలామంది అల్లూరి, కొమురం భీం నిజంగానే స్నేహితులు అనుకుంటున్నారు. భీం పుట్టింది 1900 ప్రాంతం (1901 అని ఎక్కువగా రాస్తారు), జోడేఘాట్ దగ్గర ప్రాణం వదిలింది 1940లో. అల్లూరి 1924లో పోయాడు. అంటే ఇరవై మూడేళ్ళ పాటు ఇద్దరూ ఈ భూమ్మీద ఉన్నారు, ఆయుష్షు బాగానే కలిసింది. కానీ అల్లూరి పోరాటం 1922 నుంచి 1924 దాకా, ఇటు మద్రాసు ప్రెసిడెన్సీలో ఇంగ్లీషు వాళ్ళ మీద. భీం పోరాటం అల్లూరి పోయాక చాలా ఏళ్ళకి, అటు ఆదిలాబాద్ అడవుల్లో నిజాం సర్కారు మీద. పని కలవలేదు, చోటు కలవలేదు, పరిచయం లేదు. సినిమా ఊహించుకోవచ్చు, అది దాని హక్కు, కానీ క్విజ్ లో మాత్రం "కలిశారు" అని రాయకూడదు.

లెక్క చాలా చిన్నది, వేసి చూద్దాం

ఇద్దరిలో ఎవరు ఆలస్యంగా పుట్టారో ఆ ఏడాది తీసుకోండి. ఇద్దరిలో ఎవరు ముందు పోయారో ఆ ఏడాది తీసుకోండి. రెండోదాంట్లోంచి మొదటిది తీసేస్తే ఎన్నేళ్ళు కలిశారో వచ్చేస్తుంది, అంతే.

కాటన్ 1803లో పుట్టి 1899లో పోయారు. వీరేశలింగం గారు 1848లో పుట్టి 1919లో పోయారు. ఆలస్యంగా పుట్టింది 1848, ముందు పోయింది 1899, తేడా 51 ఏళ్ళు. మన భాషలో చెప్పాలంటే నాలుగు పుష్కరాల పైన. మామూలు సంగతి కాదు ఇది, ఎందుకంటే మన బుర్రలో కాటన్ "చాలా పాతకాలం", వీరేశలింగం గారు "ఆ తర్వాత". నిజానికి ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పని 1847లో మొదలైతే, అది నడుస్తుండగానే మరుసటి ఏడు, అక్కడికి కూతవేటు దూరంలో ఉన్న రాజమండ్రిలో వీరేశలింగం గారు పుట్టారు. ఆనకట్ట 1852లో పూర్తయ్యేసరికి ఆయనకి నాలుగేళ్ళు.

అదే లెక్క కాటన్, అల్లూరికి వేస్తే 1897 నుంచి 1899, రెండేళ్ళ పైన కొద్ది రోజులు. పుష్కరంలో ఆరో వంతు. ఆ రెండేళ్ళలో ఒకరు ఇంగ్లాండులో డోర్కింగ్ అనే ఊళ్ళో తొంభై దాటిన ముసలాయన, ఇంకొకరు ఇక్కడ బుడిబుడి అడుగులు వేసే పసివాడు. అందుకే పెదనాన్న మాట లెక్కకి నిజం, మా వాడి మాట అర్థానికి నిజం.

ప్రకాశం గారు, అల్లూరి అయితే లెక్క ఇంకో రకంగా వస్తుంది. ప్రకాశం గారు 1872 నుంచి 1957 దాకా. అల్లూరి జీవితం మొత్తం, పుట్టుక నుంచి చావు దాకా, ఆయన జీవితంలో మధ్యలో ఇమిడిపోయింది. అల్లూరి పుట్టేసరికి ప్రకాశం గారికి పాతికేళ్ళు, అల్లూరి పోయాక కూడా ఇంకా ముప్పై మూడేళ్ళు బతికి, ఆంధ్ర రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి అయ్యారు.

తీసివేతలో మైనస్ వస్తే అసలు కలవలేదని అర్థం. మన నిఘంటువు రాసిన సి.పి.బ్రౌన్ దొర 1884లో పోయారు, అల్లూరి పుట్టింది 1897, మధ్యలో పదమూడేళ్ళ ఖాళీ. ఆ ఇద్దరినీ ఒకే ఫ్రేములో పెడితే అది పూర్తిగా తప్పు.

సంవత్సరం ఒక్కటే చూస్తే మోసపోయే చోటు: 1909

కోనసీమ వాళ్ళకి డొక్కా సీతమ్మ గారి గురించి చెప్పక్కర్లేదు. 1841లో పుట్టారు, లంకల గన్నవరంలో ఏ వేళప్పుడు ఏటి గట్టు దిగి ఎవరు వచ్చినా విస్తరి వేసి అన్నం పెట్టిన తల్లి. ఇప్పుడు బడుల్లో మధ్యాహ్న భోజనానికి పెట్టింది ఆవిడ పేరే. పి.గన్నవరం దగ్గర వైనతేయ మీద ఉన్న కొత్త అక్విడక్టుకి కూడా ఆవిడ పేరే. ఆ అక్విడక్టు చూడనివాళ్ళు ఒకసారి వెళ్ళి నిలబడాలి, కింద గోదావరి పాయ తన దారిన తను సముద్రానికి పోతుంటే, పైన ఇంకో కాలవ దాన్ని అడ్డంగా దాటుకుంటూ నగరం లంక పొలాలకి వెళ్తుంటుంది, ఏరు మీద ఏరు. పక్కనే పాతది, కమానుల వరసతో, ఆనకట్ట కట్టిన రోజుల్లోది, ఇంకా నిలబడే ఉంది. కాటన్ కాలం కట్టడం పక్కన సీతమ్మ గారి పేరున్న కట్టడం. లెక్క వేస్తే ఈ ఇద్దరికీ 1841 నుంచి 1899 దాకా 58 ఏళ్ళు కలిశాయి.

ఇప్పుడు దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారిని తీసుకోండి, రాజమండ్రిలో 1909లో పుట్టారు. సీతమ్మ గారు పోయింది కూడా 1909. సంవత్సరాలతో లెక్క వేస్తే 1909 లోంచి 1909 తీసేస్తే సున్నా, "అంచు మీద కలిశారేమో" అనిపిస్తుంది. కానీ సీతమ్మ గారు పోయింది ఏప్రిల్ లో, దుర్గాబాయి గారు పుట్టింది జులై 15న. మధ్యలో రెండున్నర నెలలు. ఒక్కరోజు కూడా ఇద్దరూ కలిసి లేరు. అంటే లెక్కలో సున్నానో ఒకటో వచ్చినప్పుడు నెల, తేదీ చూడకుండా ఏమీ చెప్పకూడదు.

ఇలాంటిదే ప్రపంచ చరిత్రలో ఇంకోటి బాగా ఫేమస్. "గెలీలియో పోయిన ఏడాదే న్యూటన్ పుట్టాడు" అని స్కూల్లో చెప్తారు, 1642. గెలీలియో పోయింది 1642 జనవరి 8న, ఇటలీ వాళ్ళ కొత్త క్యాలెండర్ ప్రకారం. న్యూటన్ పుట్టింది 1642 డిసెంబర్ 25న, కానీ అది ఇంగ్లాండులో అప్పటికింకా వాడుతున్న పాత క్యాలెండర్ తేదీ. అదే రోజు ఇటలీ వాళ్ళ క్యాలెండర్ లో 1643 జనవరి 4. రెండు క్యాలెండర్లు కలిపేస్తేనే ఆ మాట నిలబడుతుంది, ఒకే క్యాలెండర్ తో చూస్తే ఇద్దరి ఏడాదులూ వేరు.

మన క్యాలెండర్ తిరకాసు ఇంకా పెద్దది

మన పెద్దవాళ్ళు "ఫలానా నామ సంవత్సరంలో పుట్టాడు" అని చెప్తారు. తెలుగు సంవత్సరాలు అరవై, అరవయ్యో ఏడు అయిపోతే మళ్ళీ ప్రభవ నుంచి మొదలు. నందన అంటే 1832-33 కూడా, 1892-93 కూడా, 1952-53 కూడా, 2012-13 కూడా. ఆ 1832-33 నందనలోనే మన జిల్లాల్లో జనం మలమల మాడిపోయిన కరువు వచ్చింది, దాన్ని నందన కరువు అనే అనేవారు, డెల్టాకి ఆనకట్ట కావాలన్న ఆలోచన గట్టిపడింది ఆ కరువుల తర్వాతే. కాబట్టి ఏ ఇంట్లోనో పాత తాటాకు మీద "నందన నామ సంవత్సరం" అని ఒక్కటే ఉంటే, ఆ మనిషి కాటన్ ఆనకట్ట కట్టకముందు వాడా లేక అల్లూరి కంటే నాలుగైదేళ్ళు పెద్దవాడా అనేది ఆ ఒక్క మాటతో తేలదు. పక్కన శక సంవత్సరమో, రాజు పేరో, గ్రహణమో ఇంకేదైనా ఆధారం కావాలి.

శాసనాలు చదివేవాళ్ళ పని ఇదే. రాజరాజ నరేంద్రుడికి పట్టాభిషేకం శక సంవత్సరం 944లో. శకానికి 78 కలిపితే మనం వాడే సంవత్సరం, అంటే 1022. నన్నయ గారు రాసిన నందంపూడి శాసనం ఆ రాజు పాలన 32వ ఏట ఇచ్చింది. ఇక్కడ చాలామంది 1022 కి 32 కలిపి 1054 అంటారు, కానీ పట్టాభిషేకం జరిగిన ఏడాదే "మొదటి ఏడు" కదా, అందుకని 31 మాత్రమే కలపాలి, 1053 వస్తుంది. నందంపూడి ఎక్కడో కాదండి, మన అంబాజీపేట పక్కన. కొబ్బరి తోటల మధ్య ఉన్న ఆ ఊరు, మహాభారతం తెలుగు చెయ్యడంలో నన్నయకి సాయం చేసిన నారాయణభట్టుకి రాజుగారు ఇచ్చిన అగ్రహారం.

మరి నన్నయ రాజమహేంద్రిలో కూర్చుని భారతం రాస్తున్న ఆ తరంలో బయట ఎవరున్నారు? రాజరాజ నరేంద్రుడి మేనమామ రాజేంద్ర చోళుడు, గంగ దాకా సైన్యాన్ని పంపి, తను గోదావరి ఒడ్డున ఆ సైన్యానికి ఎదురొచ్చినవాడు, సరిగ్గా ఇక్కడ పట్టాభిషేకం జరిగిన రోజుల్లోనే. ఉత్తరాన సోమనాథ్ మీద పడిన గజనీ మహమ్మద్, 1030లో పోయాడు. మన దేశం గురించి పెద్ద పుస్తకం రాసిన అల్‌బెరూనీ. మాళవంలో భోజరాజు. వీళ్ళందరివీ మనకి వేరు వేరు పాఠాలు, వేరు వేరు తరగతుల్లో చదువుకున్నాం, అందుకే నన్నయకీ గజనీకీ ఒకే కాలం అంటే మనసు ఒప్పుకోదు.

తేదీలే సరిగ్గా తెలియనప్పుడు: శ్రీనాథుడు, పోతన

శ్రీనాథుడు పల్లకీలో వస్తే పోతన గారు పొలం దున్నుకుంటూ ఉన్నారని, ఇద్దరూ బావా బావమరుదులని చిన్నప్పుడు ఎంత చక్కగా చెప్పేవారో. శ్రీనాథుడు పదిహేనో శతాబ్దం మొదటి సగంలో మన రాజమండ్రి రెడ్డి రాజుల దగ్గర ఉన్నవాడు, దాక్షారామం భీమేశ్వరుడి మీద కావ్యం రాసినవాడు, 1441 ప్రాంతంలో పోయాడని ఎక్కువగా చెప్తారు. పోతన కూడా ఆ శతాబ్దమే, కానీ ఆయన పుట్టింది 1450 ప్రాంతం అని తీసుకుంటే బావగారు పోయాక బావమరిది పుట్టినట్టవుతుంది. ఇంకొంచెం ముందుకు జరిపితే కలిసే అవకాశం వస్తుంది. అంటే "ప్రాంతం" అన్న మాట ఉన్న తేదీలతో తీసివేత వేస్తే వచ్చే జవాబు కూడా "ప్రాంతమే", పదేళ్ళు అటూ ఇటూ జరిపితే అవును కాస్తా కాదు అయిపోతుంది. కథ ఎంత ప్రియమైనదైనా దాన్ని తేదీకి ఆధారంగా వాడకూడదు, అది మాత్రం గట్టిగా చెప్పాలి.

1510 ప్రాంతం, కొవ్వూరు గట్టు

నాకు అన్నింటికంటే ఇష్టమైనది ఇది, అందుకే కాస్త ఎక్కువ రాస్తాను.

బెంగాల్ నుంచి చైతన్య మహాప్రభు పాతికేళ్ళ వయసులో దక్షిణ దేశ యాత్రకి బయలుదేరి గోదావరి ఒడ్డుకి వచ్చారు. అప్పుడు రాజమహేంద్రి ఒరిస్సా గజపతి రాజు ప్రతాపరుద్రుడి కింద ఉంది, ఇక్కడ ఆయన అధికారి రామానంద రాయలు. ఆ ఇద్దరూ ఈ గట్టు మీద కూర్చుని భక్తి గురించి రాత్రుళ్ళు మాట్లాడుకున్నారు, కొవ్వూరులో గౌడీయ మఠం ఉన్నది ఆ గుర్తుకే. తర్వాత రామానంద రాయలు పదవి వదిలేసి పూరీ వెళ్ళిపోయారు.

సరిగ్గా అవే రోజుల్లో, 1509లో, విజయనగరంలో శ్రీకృష్ణదేవరాయలు సింహాసనం ఎక్కారు. నాలుగేళ్ళకి ఇదే ప్రతాపరుద్రుడి మీద యుద్ధానికి బయలుదేరారు, ఉదయగిరి, కొండవీడు, కొండపల్లి, ఆ తర్వాత రాజమహేంద్రి, 1516లో సింహాచలంలో శాసనం. చివరికి గజపతి తన కూతుర్ని రాయల వారికిచ్చి సంధి చేసుకున్నాడు. ఇప్పుడు చూడండి, చైతన్యుల వారికి భక్తుడైన రాజు, రాయల వారికి శత్రువూ మామగారూ అయిన రాజు ఒక్కరే. చైతన్యుడు, రాయలు ఒకరినొకరు చూసుకోలేదు, కానీ మధ్యలో ఒక మనిషి ఇద్దరికీ కావలసినవాడు, ఇద్దరూ కొద్ది ఏళ్ళ తేడాలో ఇదే గోదావరి చూసినవాళ్ళు. ఇదొక అయిదో రకం కలవడం, మధ్య మనిషి ద్వారా.

అదే సమయానికి పోర్చుగీసు వాళ్ళు 1510లో గోవా పట్టుకున్నారు. రోములో మైకెలాంజిలో 1508 నుంచి 1512 దాకా సిస్టీన్ చాపెల్ అనే ప్రార్థన మందిరం పైకప్పుకి బొమ్మలు వేస్తున్నాడు. 1517లో జర్మనీలో మార్టిన్ లూథర్ చర్చి మీద తిరగబడ్డాడు. బాబర్ ఇంకా కాబూల్ లోనే ఉన్నాడు, ఢిల్లీ మొహం చూడలేదు. పంజాబ్ లో గురు నానక్ ఉన్నారు. అంటే అటు యూరప్ లో, ఇటు బెంగాల్ లో, పంజాబ్ లో, దేవుడికీ మనిషికీ మధ్య ఇన్ని అడ్డాలు ఎందుకని ఒకే తరంలో వేరు వేరు భాషల్లో అడిగినవాళ్ళు ఉన్నారన్నమాట. వాళ్ళు ఒకరిని చూసి ఒకరు అడగలేదు, లూథర్ కి నానక్ తెలియదు. అందుకే దీన్ని ప్రభావం అనకూడదు, ఒకే కాలం అని మాత్రమే అనాలి. అయినా ఆ గట్టు మీద నిలబడి ఇదంతా తలచుకుంటే నాకైతే ఒళ్ళు జలదరిస్తుంది.

ఒకే ఏడాది పుట్టినా ఒకే కాలం వాళ్ళలా అనిపించని నలుగురు

1897 జనవరిలో సుభాష్ చంద్రబోస్, మార్చిలో రాజమండ్రి చిత్రకారుడు దామెర్ల రామారావు, జులై 4న అల్లూరి, నవంబర్ 1న పిఠాపురం పక్కన దేవులపల్లి కృష్ణశాస్త్రి. (అల్లూరికి 1898 అని కూడా కొన్ని చోట్ల కనపడుతుంది, కానీ 125వ జయంతి 2022లో భీమవరంలో ముప్పై అడుగుల విగ్రహం పెట్టి చేశారు, అది 1897 లెక్కే.)

అల్లూరి 1924 మే 7న పోయాడు, ఇరవై ఏడు కూడా నిండలేదు. దామెర్ల తొమ్మిది నెలలకి, 1925 ఫిబ్రవరిలో పోయారు, ఆయనకీ ఇరవై ఎనిమిది నిండలేదు. ఒకరు కొండల్లో, ఒకరు రంగుల్లో, గోదావరి సీమ ఏడాది తిరక్కుండా ఇద్దరు కుర్రాళ్ళని పోగొట్టుకుంది. బోస్ 1945 దాకా. కృష్ణశాస్త్రి గారు మాత్రం 1980 దాకా ఉన్నారు, సినిమా పాటలు రాశారు, రేడియోలో ఆయన గొంతు విన్నవాళ్ళు ఇప్పటికీ మన మధ్య ఉన్నారు. అందుకే అల్లూరి "చరిత్ర", కృష్ణశాస్త్రి గారు "మొన్నమొన్నటి మనిషి" అనిపిస్తారు, నిజానికి నాలుగు నెలల తేడా పిల్లలు. మన బుర్ర మనిషిని పుట్టిన ఏడాదితో కాదు, పోయిన ఏడాదితో గుర్తుపెట్టుకుంటుంది అని నాకు ఇక్కడే అర్థమైంది.

ఒకే సీమ, ఒకే నెల, కలవలేదు: 1923 డిసెంబర్

కాకినాడలో కాంగ్రెస్ మహాసభ. అధ్యక్షుడు మౌలానా మహమ్మద్ అలీ. నెహ్రూ వచ్చారు, ముప్పై నాలుగేళ్ళు. ఖద్దరు ఎగ్జిబిషన్ గుమ్మం దగ్గర పద్నాలుగేళ్ళ దుర్గాబాయి వాలంటీరు, టికెట్ లేకుండా లోపలికి వెళ్ళబోతున్న నెహ్రూని ఆపేసింది, టికెట్ కొన్నాకే పంపింది. ఇది పూర్తి పరిచయం, ఆయుష్షు, చోటు, ఎదురుపడటం, అన్నీ కలిసిన సందర్భం.

గాంధీ గారు ఆ సభకి రాలేదు, అప్పటికి ఎరవాడ జైల్లో ఉన్నారు. ఇక అల్లూరి? అదే డిసెంబర్ లో పైన ఏజెన్సీలో, పోలీసులు వెతుకుతుంటే మన్యం మనుషులతో అడవుల్లో ఉన్నాడు. ఖద్దరు కట్టి, కల్లు మానమని గిరిజనులకి చెప్పినవాడే తుపాకి పట్టాడు. కాకినాడ సభకీ ఆ కొండలకీ మధ్య ఉన్నది ఒక రోజు ప్రయాణం, కానీ దారులు వేరు. గాంధీ గారు అల్లూరిని ఎప్పుడూ కలవలేదు, అయినా 1929లో తన పత్రికలో అల్లూరి ధైర్యాన్నీ త్యాగాన్నీ మెచ్చుకుంటూ రాశారు, ఆయుధం దారిని మాత్రం ఒప్పుకోకుండానే. మనిషి పోయిన అయిదేళ్ళకి జరిగిన పరిచయం అది, ఒక వైపు నుంచే.

ఒకే కాలం అయితే ఒకరి వల్ల ఇంకొకరా?

అసలు వాదన ఇక్కడుంది. కాటన్, వీరేశలింగం గార్లకి 51 ఏళ్ళు కలిశాయన్నాం కదా, పైగా ధవళేశ్వరం ఇద్దరికీ ఉమ్మడి ఊరు, ఒకరు అక్కడ ఆనకట్ట కడితే ఇంకొకరు 1874లో అక్కడే ఆడపిల్లల బడి పెట్టారు. దీన్ని పట్టుకుని కొందరు చెప్పేది ఏంటంటే, ఆనకట్ట నీళ్ళు వచ్చాక డెల్టాలో పంట పెరిగింది, చేతిలో డబ్బు ఆడింది, పిల్లల్ని చదివించారు, పత్రికలు కొని చదివేవాళ్ళు పుట్టారు, ఆ నేల మీదే సంస్కరణ మొలిచింది, కాబట్టి వీరేశలింగం ఉద్యమానికి కాటన్ కాలవే వేరు అని. ఈ మాటలో బలం ఉంది, కరువుతో ఊళ్ళు ఖాళీ అవుతున్న సీమలో పత్రిక ఎవరు కొంటారు?

ఇంకొందరు ఒప్పుకోరు. వితంతు వివాహ చట్టం 1856లో వచ్చింది, దాని వెనక కలకత్తాలో ఈశ్వరచంద్ర విద్యాసాగర్ ఉన్నారు, బ్రహ్మసమాజం ఆలోచనలు ఇటు వచ్చాయి, మద్రాసు చదువులు వచ్చాయి, అన్నిటికీ మించి 1881 డిసెంబర్ 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం చేయించినప్పుడు ఊరు ఊరంతా వెలివేస్తానన్నా ఆయనా రాజ్యలక్ష్మమ్మ గారూ నిలబడ్డారు, ఆ గుండె ధైర్యం కాలవ నీళ్ళ వల్ల రాలేదు అంటారు. పైగా నీళ్ళు వచ్చి డబ్బు వచ్చిన ఇళ్ళల్లోనే ఆయన్ని ఎదిరించినవాళ్ళు కూడా ఉన్నారు కదా అని అడుగుతారు. ఇది కూడా కొట్టిపారేయలేని మాట.

నాకు అనిపించేది, ఒకే కాలం అన్నది కారణానికి గుమ్మం మాత్రమే. గుమ్మం లేకపోతే లోపలికి వెళ్ళలేం, పోయినవాడు పుట్టనివాడి దగ్గర ఏమీ నేర్చుకోలేడు. కానీ గుమ్మం ఉందని లోపల మనిషి ఉన్నట్టు కాదు, దానికి ఉత్తరమో, పత్రికలో మాటో, చూసినవాళ్ళు రాసిందో వేరే సాక్ష్యం కావాలి.

కొందరు టీచర్లు ఈ "ఒకే కాలం" లిస్టులు ఉత్త కాలక్షేపం, పిల్లలు పేర్లు పక్కపక్కన పెట్టి కథలు అల్లేస్తారు అంటారు. ఆ భయం న్యాయమే, శ్రీనాథుడు పోతన కథ చూశాం. కానీ ఇంకో వైపు, పాఠ్యపుస్తకంలో కాటన్ నీటిపారుదల పాఠంలో, వీరేశలింగం సంఘ సంస్కరణ పాఠంలో, అల్లూరి స్వాతంత్ర్య పోరాటం పాఠంలో ఉంటే, ఒక పాఠం అయిపోయాక ఇంకో పాఠం వచ్చినట్టే మనుషులు కూడా ఒకరు అయిపోయాక ఒకరు వచ్చారని పిల్లలు అనుకుంటారు. అది కూడా అంతే పెద్ద తప్పు. నేను రెండో వైపుకే కాస్త మొగ్గుతాను.

మరి ఆ ఫోటో సంగతి

నలుగురినీ ఒకే ఫ్రేములో పెట్టాలంటే 1897 నుంచి 1899 దాకా ఆ రెండేళ్ళే దిక్కు, అప్పుడు నలుగురూ బతికే ఉన్నారు కానీ ఒక చోట లేరు. కాటన్ దొరనీ, ప్రకాశం గారినీ పక్కన పెడితే మాత్రం ఒక నిజమైన ఫ్రేము దొరుకుతుంది, 1908, రాజమండ్రి, గోదావరి పుష్కరాలు. వీరేశలింగం గారికి అరవై ఏళ్ళు. ఫోటోలు తీసుకుంటూ ఆ ఊళ్ళో స్థిరపడిన వెంకటరామరాజు గారు ఆ పుష్కరాల్లో కలరా తగిలి పోయారు, ఆయన కొడుకు సీతారామరాజుకి పదకొండేళ్ళు. లాయరుగా ఆ ఊళ్ళోనే పైకొచ్చి, ఆ ఊరి మునిసిపల్ చైర్మన్ గా కూడా చేసిన ప్రకాశం గారు అప్పటికే మద్రాసు వెళ్ళిపోయారు. ఏడాది ముందే బిపిన్ చంద్ర పాల్ వచ్చి ఉపన్యాసం ఇచ్చి వెళ్ళారు, "భరతఖండంబు చక్కని పాడియావు" అని చిలకమర్తి వారు పద్యం చెప్పింది అప్పుడే. అంత పెద్దమనిషి వీరేశలింగం గారు, తండ్రి పోయిన ఆ కుర్రాడు సీతారామరాజు, ఇద్దరికీ అదే ఊరు, అదే ఏరు.

ఇదంతా చెప్పాక మా వాడు ఒక మంచి ప్రశ్న అడిగాడు, "అలా ఒకళ్ళ నుంచి ఒకళ్ళకి వెనక్కి వెళ్తే ఎంత దూరం వెళ్ళొచ్చు" అని. కాగితం మీద వేశాం. పెదనాన్న పుట్టింది 1948. ఆయనకీ ప్రకాశం గారికీ తొమ్మిదేళ్ళు కలిశాయి. ప్రకాశం గారికీ బ్రౌన్ దొరకీ 1872 నుంచి 1884 దాకా పన్నెండేళ్ళు, సరిగ్గా ఒక పుష్కరం. బ్రౌన్ దొర పుట్టింది 1798 నవంబర్ లో, శ్రీరంగపట్నం కోటలో టిప్పు సుల్తాన్ చనిపోయింది 1799 మే 4న, అంటే అప్పటికి బ్రౌన్ ఆరు నెలల పిల్లాడు. టిప్పు నుంచి మా ఇంటి అరుగు దాకా మధ్యలో రెండే జీవితాలు.

మా వాడు కాసేపు పెదనాన్న వైపే చూస్తూ ఉండిపోయాడు. "తాతయ్యా, ప్రకాశం గారు పోయిన రోజు నీకు గుర్తుందా" అన్నాడు. ఎండాకాలం సెలవలు రా అన్నారు ఆయన, గట్టు మీద తాటి ముంజెలు కొట్టించుకుని తింటుంటే పంచాయితీ రేడియో దగ్గర పెద్దాళ్ళందరూ ఒక్కసారిగా లేచి నిలబడ్డారు, ఎందుకో తెలియక మేం కూడా చేతిలో ముంజెలు పట్టుకునే నిలబడ్డాం.